తియ్యగా ఉన్నాయని పారబోసిన పాలు

రిటైరై చాలా ఏళ్ళయినా, తెల్లవారుతుండగా నాకింకా పాల క్యాన్ల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. అల్యూమినియం క్యానును సిమెంటు గచ్చు మీద దింపితే వచ్చే చప్పుడు అది. నిండు క్యాను మెత్తగా పలుకుతుంది, సగం క్యాను ఖంగుమంటుంది. నిద్రకూ మెలకువకూ నడుమ అలాగే పడుకుని, ఇవి బోరంచ వైపు నుంచి వచ్చినవి, ఇవి నాగల్‌గిద్ద వైపువి అని పోల్చుకుంటూ ఉంటాను. పూర్తిగా మెలకువ వచ్చాక చూస్తే కిటికీ అవతల వేపచెట్టు తప్ప ఏమీ ఉండదు. అప్పుడు లేచి టీ పెట్టుకుంటాను.

డైరీల్లో కొత్తగా చేరిన పిల్లలు ఒకరిద్దరు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తారు. మీ రోజుల్లో మిషన్లు లేకుండా ముక్కుతోనే పాల జాతకం చెప్పేవారట గదా సార్ అని అడుగుతారు. అవునని తలూపి ఊరుకుంటే నా పరువు నా దగ్గరే ఉంటుంది. కానీ వయసు మీద పడ్డాక పరువు దాచుకుని చేసేదేముంది? అందుకని, మంచి పాలను చెడ్డవని తేల్చి ఒక పసిదాని ప్రాణం మీదికి తెచ్చిన సంగతి వాళ్ళకు చెబుతుంటాను. మీకూ చెబుతాను.

నారాయణఖేడ్‌లోని ఒక చిన్న పాల శీతలీకరణ కేంద్రంలో నేను టెస్టరును. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన పాలను పరీక్ష చేసి, బాగున్న వాటిని పెద్ద ట్యాంకులో చల్లబరిచి హైదరాబాద్‌కు పంపడం మా పని. మా వైపు నేల మెట్ట. కందులు, జొన్నలు పండితే పండినట్టు, లేకుంటే లేనట్టు. రెండు బర్రెలున్న ఇంట్లో మాత్రం పొద్దున్నే ఏదో ఒక వెలుగు ఉంటుంది. ఆ వెలుగంతా ఆటోల్లో, ట్రాలీల్లో తెల్లవారేసరికి మా గేటు దగ్గరికి వచ్చేది. లోపల ట్యాంకు చలి, బయట క్యాన్లు కడిగే వేడినీళ్ళ ఆవిరి. రెండూ తలుపు దగ్గర కలిసి పొగమంచులా లేచేవి. ఆ తెల్లదనంలో మనుషులకు కాళ్ళు కనబడేవి కావు, తలకాయలు మాత్రం తిరుగుతుండేవి. ఉద్యోగం ఎక్కడ చేశావని ఎవరైనా అడిగితే మబ్బులో చేశానని చెప్పాలనిపిస్తుంది.

ఆ మబ్బులో నేనొక చిన్న రాజును. క్యాను మూత తీసి, వంగి వాసన చూసి, అవసరమైతే ఒక చుక్క నాలుక మీద వేసుకుని ‘పో’ అంటే ట్యాంకులోకి పోవాల్సిందే, ‘తియ్’ అంటే గేటు అవతలికే. అనుమానం వస్తే లోపల ల్యాబులో పరీక్షలుండేవి. మరగబెడితే విరుగుతాయా, చిక్కదనం సరిగా ఉందా, ఏమన్నా కలిపారా అని చూసేవాళ్ళం. కొందరు తెలివిమంతులు నీళ్ళు కలిపి, పలుచన తెలియకుండా గ్లూకోజు పొడి వేసేవాళ్ళు. దానికో కాగితపు పట్టీ ఉండేది. చక్కెర జబ్బు వాళ్ళు మూత్రంలో ముంచి చూసుకునే పట్టీ లాంటిదే. పాలలో ముంచితే, గ్లూకోజు ఉంటే రంగు మారుతుంది. ఆ పట్టీతో ఒకసారి పెద్ద కల్తీ పట్టుకున్నాక మా మేనేజరు నలుగురిలో నా భుజం తట్టాడు. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు అని నమ్మే రకం కాదు మా సారు అని జనరేటరు ఆపరేటరు కూడా అన్నాడు. నేను ఉబ్బిపోయాను. నా కష్టానికి బీజం అక్కడే పడిందని ఇప్పుడనిపిస్తుంది.

క్యాన్లు కడిగే ఆమెను అందరం అక్క అనేవాళ్ళం. నాకంటే రెండేళ్ళు పెద్ద. భర్త పోయాక ఇరవై ఏళ్ళుగా అదే పని. ఆదివారం చర్చికి పోయే ముందు కూడా వచ్చి, క్యాన్లన్నీ కడిగి బోర్లించి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వెళ్ళేది. మాట తక్కువ మనిషి. ఆమె నవ్వితే ఆ రోజు ఏదో జరిగిందని మేం అనుకునేవాళ్ళం.

రెండువేల పద్నాలుగు ఎండాకాలంలో ఆమె అసలు నవ్వలేదు. నాగల్‌గిద్ద అవతలి ఊరికి ఇచ్చిన కూతురు, ఏడాదిన్నర పిల్లను చంకనేసుకుని తల్లి దగ్గరికి వచ్చింది. ఆ పిల్లకు రెండు వారాలుగా విరేచనాలు. మందులతో తగ్గాయి గానీ పాలు తాగితే చాలు మళ్ళీ మొదలు. ఏం పెట్టినా ఊసేస్తోంది, పాల కోసమే ఏడుస్తోంది. సంగారెడ్డిలో పిల్లల డాక్టరు చూసి, రోగం వల్ల పేగు అలిసిపోయిందని, కొన్ని వారాలు మామూలు పాలు అరగవని, ల్యాక్టోజ్ లేని పాలని హైదరాబాద్‌లో దొరుకుతాయని, అవే తాగించమని రాసిచ్చాడు. బరువు చూసి ఇంకో మాట కూడా అన్నాడట. ఇంక తగ్గితే నా దగ్గరికి కాదు, పెద్ద దవాఖానకే తీసుకుపోండి అని. ఈ సంగతి చెప్పేటప్పుడు అక్క నా వైపు చూడలేదు, చేతిలో ఉన్న క్యాను మూత వైపే చూసింది.

అల్లుడు పటాన్‌చెరు వైపు కట్టడం పనిలో ఉన్నాడు. అతను ఎక్కడెక్కడో తిరిగి మూడు లీటరు ప్యాకెట్లు కొని, తెలిసిన డ్రైవరు చేతికిచ్చి బస్సులో పంపాడు. మూడు అట్టపెట్టెలు, మీద గడ్డిమైదానం, ఒక ఆవు. మన ఖేడ్ ఆవులకు అంత ఆకుపచ్చ గడ్డి కలలో కూడా కనబడదు. అక్క వాటిని కొంగులో చుట్టుకుని డిపో నుంచి నేరుగా డైరీకి వచ్చింది.

“సారు, ఇప్పినంక చల్లగ పెట్టాలంటండ్రు. మా బస్తీల కరెంటు ఎప్పుడుంటదో, ఎప్పుడు పోతదో. నీ ల్యాబుల ఫ్రిజ్జుల జర జాగ ఇస్తవా? పొద్దుకింత, మాపుకింత పట్కపోత.”

శాంపిళ్ళ ఫ్రిజ్‌లో బయటి వస్తువులు పెట్టకూడదని గోడ మీద నేనే రాసి అంటించాను. ఆ కాగితం వైపు చూడకుండా సరేనన్నాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ నేను టెస్టరును. నా గడప దాటి పాలు లోపలికి వస్తే పరీక్ష కాకుండా ఎలా పోతాయి?

“పసిపిల్ల నోట్లో పోసేవి. ఒకసారి చూసి ఇస్త అక్కా” అన్నాను.

ఒక ప్యాకెట్ మూల కత్తిరించి, చెంచాడు నాలుక మీద వేసుకున్నాను. తియ్యగా ఉన్నాయి. మామూలు పాల కమ్మదనం కాదు, చాయలోకి చక్కెర వేసి కలిపినంత తీపి. అట్టపెట్టె తిప్పి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాను. ల్యాక్టోజ్ లేదు అని ఉంది. ల్యాక్టోజ్ అంటే పాలలో పుట్టుకతో ఉండే చక్కెర అని ఎప్పుడో ట్రైనింగులో చెప్పారు. మరి చక్కెర తీసేసిన పాలు తియ్యగా ఎలా ఉంటాయి? బర్నరు మీద గిన్నెలో కొన్ని మరగబెట్టాను. విరగలేదు గానీ, కాసేపటికే కోవాకు తిప్పినప్పటి రంగు వచ్చింది. మంచి పాలు అంత తొందరగా రంగు మారవు. ఇక నా గుండె కొట్టుకోవడం మొదలైంది. భయంతో కాదు, దొంగ దొరికాడన్న సంతోషంతో. పట్టీ తీసి ముంచాను. నిమిషం తిరగకముందే రంగు మారింది. గ్లూకోజు.

ఒక ప్యాకెట్‌ను బట్టి తీర్పు చెప్పడం న్యాయం కాదనుకున్నాను. చూడండి, నాకెంత న్యాయబుద్ధో. మిగతా రెండూ కూడా కత్తిరించాను. అవీ అంతే తీపి, పట్టీ అదే రంగు. మూడుకు మూడూ కల్తీవే.

అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. పట్టీలు మూడూ అరచేతిలో పరిచి చూపించాను. పట్నంలో దుకాణాల మోసం, పైన బొమ్మ చూసి మురిసిపోవడమే తప్ప లోపల ఏముందో ఎవరు చూస్తున్నారు, నా దగ్గరికి తెచ్చావు గనక సరిపోయింది అని ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను.

“పారబోస్తివా సారు?” అని అడిగింది అక్క.

“మరి పిల్లకు విషం పెడ్తమా” అని, మూడు లీటర్లూ మోరీ కాలువలో పోసేశాను. చిక్కగా, తెల్లగా, నురగలు కట్టుకుంటూ పోయాయి. ఆమె కాసేపు అటే చూస్తూ నిలబడింది. తర్వాత ఖాళీ ప్యాకెట్లు ఏరుకుని కడగడానికి తీసుకుపోయింది. ఏ డబ్బానైనా కడగకుండా పారేసే అలవాటు ఆమెకు లేదు.

నేను చేసిన ఘనకార్యం అంతటితో అయిపోలేదు. మళ్ళీ పాలు రావాలంటే అల్లుడికి కూలి దొరికి, సెలవు దొరికి, నాలుగైదు రోజులు పడుతుంది. అందాకా పిల్లకేం పట్టాలి? నేనున్నాను కదా. ఆ సాయంత్రం వచ్చిన క్యాన్లన్నిటిలో మేలైన ఆవుపాలు ఏరి, మూడు పరీక్షలు చేసి, పలుచన చేస్తే అవే అరుగుతాయిలే, సగానికి సగం నీళ్ళు పోసి కాచి తాగించమని నా చేత్తో డబ్బాలో పోసిచ్చాను. ఇంత మంచి పాలు మంత్రిగారి మనవరాలికైనా దొరకవని కూడా అన్నాను. అక్క డబ్బా అందుకుని, సరే సారు అంది.

ఆ తర్వాతి రెండు రోజులు నా జ్ఞాపకంలో చాలా అందంగా ఉన్నాయి. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం. తెల్లవారుజామున మబ్బు ఎప్పటికన్నా చిక్కగా ఉన్నట్టు, క్యాన్లన్నీ శ్రుతిలో మోగినట్టు ఉండేది. ఒక పిల్లను కాపాడానన్న తృప్తిలో తేలిపోతూ తిరిగాను. పిల్లెలా ఉందని అడగాలని తోచలేదు. మంచి పాలు తాగుతున్న పిల్ల బాగుండక ఏం చేస్తుంది?

మూడో రోజు అక్క పనికి రాలేదు. ఇరవై ఏళ్ళలో చెప్పకుండా మానిన రోజు లేదు. కడగని క్యాన్లు గోడ పొడుగునా నిలబడి ఉన్నాయి. జనరేటరు ఆపరేటరు కర్ణాటక సరిహద్దు మనిషి, డ్యూటీ లేనప్పుడు ఆటో నడుపుతాడు, వార్తలన్నీ ముందు అతనికే తెలుస్తాయి.

“సారు, అక్క మనుమరాలు సర్కారు దవాఖానల ఉన్నది. సెలైన్ ఎక్కిస్తున్నరంట. పొద్దుగాల నా ఆటోలనే దించి వచ్చిన. పిల్ల కండ్లు తెరుస్తలేదు” అన్నాడు.

మధ్యాహ్నం బన్ను రొట్టెల పొట్లం పట్టుకుని వెళ్ళాను. వార్డులో ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. ఆకుపచ్చ తెర వెనక నుంచి ఎండ పడి గది అంతా చెరువు అడుగున ఉన్నట్టుంది. ఆ నీటి వెలుతురులో మంచం మీద పిల్ల. నేను ఊహించుకున్నదానిలో సగం కూడా లేదు. చేతికి అట్టముక్క కట్టి సూది గుచ్చారు. తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. అక్క తల దగ్గర కూర్చుని, పెదవులు కదిలీ కదలనట్టు ప్రార్థన చేసుకుంటోంది.

అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, మన వైపు పిల్లే. చీటీ తిరగేసి అడిగింది.

“సంగారెడ్డి డాక్టర్ ల్యాక్టోజ్ లేని పాలే తాపుమన్నడు గదమ్మా. మీరు ఏం తాపిండ్రు?”

“ఆవుపాలు, నీళ్ళు కలిపి” అంది తల్లి.

“మరి ఆ పాలు దొరకలేదా?”

అప్పుడైనా నా జ్ఞానం ఊరుకోనిస్తుందా? ఆ పాలలో గ్లూకోజు కలిపి ఉందట మేడమ్, తియ్యగా ఉన్నాయట అన్నాను, ఎవరో పరాయివాడి సంగతి చెబుతున్నట్టు.

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. “తియ్యగనే ఉంటయి సార్. పాలల్ల ఉండే చక్కెరను అరిగించుకునే బలం ఈ పాప పేగుకు ఇప్పుడు లేదు. అందుకని ఆ చక్కెరను ముందే రెండు ముక్కలు చేసి ఇస్తరు. తీసెయ్యరు, విరగ్గొడ్తరు అంతే. విరిగితే తీపి ఎక్కువైతది. ఆ రెండు ముక్కల్ల ఒకటి గ్లూకోజే. కాస్తే రంగు గూడ జల్దీ మారుతది. అవి మంచి పాలే” అంది. తర్వాత అక్క వైపు తిరిగి, “ఆ ప్యాకెట్లు ఏమైనయమ్మా?” అని అడిగింది.

అక్క తల ఎత్తలేదు. “అయిపోయినయి డాక్టరమ్మ” అంది.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారే, ఆ పనే మనిషి చేస్తే ఎలా ఉంటుందో ఆ నిమిషంలో తెలిసింది. ఆ పాలు నేనే పారబోశానని ఒక్క మాట నా నోటి నుంచి రాలేదు. ఈ రెండు రోజులు చాలా ముఖ్యం, మళ్ళీ ఆ పాలు మొదలుపెడితేనే పాప నిలబడుతుంది, ఎట్లనన్న తెప్పించండి అని చెప్పి డాక్టరమ్మ పక్క మంచం దగ్గరికి వెళ్ళింది.

మర్నాడు తొలి బస్సుకు హైదరాబాద్ బయల్దేరాను. మేనేజరుకు సెలవు చీటీ కూడా రాయలేదు. శాంపిళ్ళు మోసే ఐసు పెట్టె మాత్రం పట్టుకున్నాను. ఒళ్ళో ఆ పెట్టె, కిటికీ పక్కన నేను. కోసేసిన కంది చేలు, ఎర్రమట్టి, ఒంటరి తాటిచెట్లు ఒకటొకటిగా వెనక్కి పోతున్నాయి. ఆ బస్సు ముందుకు పోతోందో, నేనే నా ఉద్యోగం మొదటి రోజుల్లోకి వెనక్కి పోతున్నానో తెలియలేదు. ఇన్నేళ్ళలో గేటు అవతలికి పంపిన క్యాన్లన్నీ గుర్తొచ్చాయి. వాటిలో ఎన్ని మంచివో అనిపించింది. తల వంచుకుని వాటిని మళ్ళీ సైకిలుకు కట్టుకుని పోయిన మనుషుల వీపులు కనిపించాయి. జోగిపేట దాటాక నిద్రపట్టింది. కలలో కూడా మోరీలో పాలు పోతూనే ఉన్నాయి.

పెద్ద దుకాణంలో ఆ ఆవు బొమ్మ ప్యాకెట్లు దొరికాయి. ఫ్రిజ్‌లో కాదు, మామూలు అరలో, బిస్కెట్ల పక్కన. ఆరు తీసుకుని ఐసు పెట్టెలో సర్దబోతుంటే అక్కడి పనివాడు విడ్డూరంగా చూశాడు.

“సీలు తియ్యనంత వరకు ఐసు ఎందుకు సార్? ఎండ తగలకుంటే చాలు. కోసినంకనే ఫ్రిజ్జు. రెండు మూడు రోజుల్ల తాగి ఒడగొట్టాలె.”

నా ముప్పై ఏళ్ళ సర్వీసు అతనికి తెలిసే అవకాశం లేదు గనక, సరే బాబూ అన్నాను.

సాయంత్రం వార్డుకు చేరేసరికి పిల్ల కళ్ళు తెరిచి ఉంది. ఏడ్చే ఓపిక కూడా లేని చూపు. డాక్టరమ్మను అడిగి, ఒక ప్యాకెట్ కోసి, గ్లాసులో పోసి తల్లికిచ్చాను. ఆమె చెంచాతో తాగించింది. మొదటి చెంచా పెదవుల పక్కనుంచి జారిపోయింది. రెండోది మింగింది. నాలుగో చెంచాకు తనే నోరు తెరిచింది. అక్క లేచి వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుంది. నేనూ వెళ్ళాను. నాలుగు గంటల బస్సు ప్రయాణంలో కూడబెట్టుకున్న మాటలన్నీ పోయి ఒకటే మిగిలింది.

“అక్కా, ఆ పాలు మంచివే. నాకు తెల్వక పారబోసిన.”

“ఎర్కె సారు” అంది.

“నిన్న డాక్టరమ్మ చెప్పినంక ఎర్కైందా?”

“కాదు. నువ్వు మోరిల పోసినంక ప్యాకెట్లు నేనే కడిగిన గద. అడుగున మిగిలినయి నాలికె మీద ఏస్కున్న. పాడైన పాలు నాకు తెల్వయా సారు? ఇరవై ఏండ్ల సంది అవ్వే వాసన చూస్తున్న. అవి ఖరాబ్ కాలే.”

“మరి చెప్పకపోతివి?”

ఆమె వరండా కిందికి చూసింది. అక్కడ ఎవరో బాలింత బంధువులు అన్నం మూటలు విప్పుకుంటున్నారు.

“నువ్వు అడగలే. పట్టీ రంగు మారిందని మస్తు ఖుషీగున్నవు. సదువుకున్నోనివి, నువ్వు చెప్పినంక నా నాలికె మీద నాకే శక్ అయింది. నువ్విచ్చిన పాలు నా చేతితోనే తాపిన. తప్పు నాదే అనుకుంట గీ మంచం కాడ కూసున్న.”

తిట్టి ఉంటే బాగుండేది. నా పాపం ఆమె మోస్తూ కూర్చుందని తెలిశాక, ఆ వరండాలో నాకు ఏడుపొచ్చింది. యాభై ఏళ్ళు దాటిన మగవాడిని, పైగా సారును. అక్క అటు తిరిగి నిలబడింది, నేను తుడుచుకునేదాకా.

అప్పుడు ఒక్కొక్కటే అర్థం కావడం మొదలైంది. పొద్దున్నే వచ్చిన క్యాన్లను దింపించి వరసలో పెట్టించేది అక్కే. ఎప్పుడూ రెండో మూడో క్యాన్లు గోడ వారగా విడిగా ఉండేవి. నేను వాటి దగ్గరికి వచ్చేసరికి కొంచెం ఎక్కువ వంగేవాడిని, ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు. నా ముక్కు గొప్పదని ఊరంతా అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఆమె చూసి పక్కన పెట్టిన వాటికి నేను పేరు పెట్టేవాడిని, అంతే. నోటితో చెప్పకూడని మాటను ఆమె క్యాన్లతో చెప్పేది. ప్యాకెట్ పాలను గోడ వారగా పెట్టే వీలు లేక, ఆ ఒక్కసారి ఆమె మాట నాకు అందలేదు.

పిల్ల ఇంటికి వచ్చాక ఐదు వారాలు, అల్లుడో నేనో తెచ్చిన ఆ పాలు మా ల్యాబులోనే ఉన్నాయి. కోయని ప్యాకెట్లు ఎండ తగలని అలమారులో, కోసినది ఫ్రిజ్ లోపలి అరలో. తలుపు అరలో పెడితే తెరిచినప్పుడల్లా వేడి తగులుతుంది. కోసిన రోజు పెన్నుతో దాని మీదే రాసేవాడిని. అందులోకి ఎంగిలి చెంచా పోనిచ్చేవాళ్ళం కాదు, గ్లాసులో పోసిన పాలు తిరిగి ప్యాకెట్‌లో కలిపేవాళ్ళం కాదు. అన్నిటికంటే ముఖ్యం, రోజూ ముందు చెంచా అక్కకే ఇచ్చేవాడిని.

“ఎట్లున్నయి చెప్పు.”

“మంచిగున్నయి” అనేది. ఆ తర్వాతే పిల్లకు.

ఒకసారి కరెంటు లేనప్పుడు డీజిలు కూడా అయిపోయి జనరేటరు సగం రోజు ఆగింది. కోసి మూడో రోజైన ప్యాకెట్ ఉంది. నేను వాసన చూశాను, పులుపు లేదు. నాలుక మీద వేసుకున్నాను, ఎప్పటి తీపే. మరగబెడితే రంగెలాగూ మారుతుంది, అదీ గుర్తు కాదు. నేను నేర్చుకున్న పరీక్షల్లో ఒక్కటీ ఆ పాలకు పనికిరాలేదు. అక్క ప్యాకెట్ చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపింది. చెంచాడు పుక్కిట పట్టి కళ్ళు మూసుకుంది.

“ముందుగాల తియ్యగనే ఉన్నది సారు. మింగినంక గొంతుల చేదు నిలుస్తుంది. చప్పుడు గూడ దొడ్డుగున్నది. పలుకులు కట్టబట్టింది. వద్దు.”

గాజు గ్లాసులో పోసి వెలుతురుకు పట్టాను. గోడలకు సన్నని పలుకులు అంటుకుని ఉన్నాయి. తీపి మాటున పులుపు దాక్కుంటుందని, చేదు ఆలస్యంగా వస్తుందని ఆ రోజు నేర్చుకున్నాను. ఆ పాలనూ మోరీలోనే పోశాను. ఈసారి ఆమె చెప్పాక పోశాను. కాబట్టి, డైరీలో కొత్తగా చేరిన పిల్లలూ, ప్యాకెట్ ఉబ్బితే, పలుకులు కనిపిస్తే, పుల్లటి వాసనో చేదో తగిలితే ఆలోచించకండి. ఏమీ లేకున్నా, కోసి గడువు దాటితే నమ్మకండి. తియ్యగా ఉండటం మాత్రం ఏ సంగతీ చెప్పదు. మీకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు ఆ గదిలోనే చీపురు పట్టుకునో బ్రష్షు పట్టుకునో నిలబడి ఉంటారు, వాళ్ళను అడగండి.

వానలు మొదలయ్యాక సంగారెడ్డి డాక్టరు పిల్లను తూకం వేసి, పోయిన బరువంతా వచ్చిందని, ఇక మామూలు పాలు కొంచెం కొంచెంగా మొదలుపెట్టి చూడమని చెప్పాడు. మర్నాడు పొద్దున అక్క పిల్లను డైరీకే ఎత్తుకొచ్చింది. మబ్బులో క్యాన్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఏవి ఇద్దాం సారు అన్నట్టు నా వైపు చూసింది.

“నువ్వే చూడక్కా” అన్నాను.

ఆమె మూతలు ఒక్కొక్కటే తీస్తూ పోయింది. ఏడో క్యాను దగ్గర ఆగి, కొంచెం తీసి రుచి చూసి, గిన్నెలో కాచింది. చల్లార్చి రెండు చెంచాలు తాగించింది. మూడో చెంచా కోసం పిల్ల చెయ్యి చాపితే, ఇగ రేపు అని మూత పెట్టేసింది. ఆ రోజు మధ్యాహ్నం దాకా మా ఇద్దరికీ పని మీద ధ్యాస లేదు. పాలు కడుపులో నిలుస్తాయో లేదో అని ఎదురుచూస్తూ కూర్చున్నాం. పిల్ల మాత్రం బోర్లించిన క్యాన్ల మధ్య ఒక మూత దొర్లించుకుంటూ ఆడింది. ఆడి ఆడి, ఏడవకుండా, అమ్మమ్మ ఒళ్ళో నిద్రపోయింది. అక్క నా వైపు చూసి నవ్వింది.